నీళ్లు తీసిన వేళ

ఎనభైల మొదట్లో, బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి పాతికేళ్లు దాటాక, రాబర్ట్‌సన్‌పేటలో నాకొక స్టూడియో ఉండేది. పాస్‌పోర్ట్ ఫోటోలు, గనివాళ్ల గుర్తింపు కార్డులు, పెళ్లిళ్లు. సముద్రం ఫోటో తీస్తానని ఎన్నడూ అనుకోలేదు.

నెల్లూరులో ఒక పెళ్లికి వెళ్తున్నానని తెలిసి గని కార్మికులుండే కోరమండల్ లైన్ల నుంచి కోటమ్మ వచ్చింది. గనిలో పనిచేసిన భర్త చనిపోయాడు, కొడుకు అదే గనిలో పనిచేస్తున్నాడు. నెల్లూరు తీరంలోని పల్లె నుంచి పదమూడేళ్లకే కోడలిగా ఇక్కడికి వచ్చింది. రెండేళ్లకు తల్లి చనిపోయింది. పిలిచేవాళ్లు లేక మళ్లీ వెళ్లనే లేదు.

“కండ్లలో నీటికాసులంటప్పా. చూపు ఇంగ కొన్ని నెలలే అన్నాడు డాక్టరు. మా ఊరి పర్ర ఒక్కసారి చూడాలని ఉండాది. ఫోటో పట్టుకొస్తావా?”

పర్ర అంటే సముద్రపు పోటుకు మునిగి, పాటుకు తేలే ఉప్పు బురద నేల. ఆ మాట అప్పటికి నాకు తెలియదు. పెళ్లి మరునాడు ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. నిండుగా నీళ్లు, పడవలు, మడచెట్లు. ఒక రీలు మొత్తం తీసి సంతోషంగా తిరిగొచ్చాను.

కోటమ్మ ఒక్కో ఫోటోను కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“బాగుండాదప్పా. అయితే ఇది నీళ్లు. నీళ్లు ఎనక్కి తీసినాక మా అమ్మ గుల్లలు ఏరను దిగుతా ఉన్నింది. ఆ నేల యాడ?”

నేను ఫోటోలన్నీ మళ్లీ తిరగేశాను.

“పోనీలే. నీకేం తెలుసు?” అని ఆమే నన్ను ఓదార్చింది. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మూడు వారాల తర్వాత, ఎవరూ అడగకుండానే, నంగలి మీదుగా మళ్లీ బస్సెక్కాను. ఈసారి ముందు జాలరులను అడిగాను. పోటూ పాటూ రోజురోజుకూ ముప్పావు గంట చొప్పున ఆలస్యంగా వస్తాయని చెప్పారు. మరునాడు పొద్దున వాళ్లు చెప్పిన వేళకు ఒడ్డున నిలబడ్డాను. నీళ్లు చప్పుడు లేకుండా వెనక్కి జారాయి. కనుచూపు మేర తడి నేల వెండిలా మెరిసింది. ఆ మెరుపుకు లైట్ మీటర్, అంటే వెలుగును కొలిచే పరికరం, మోసపోతుంది. అది చెప్పినట్టు తీస్తే బురద నల్లగా ముద్దకడుతుంది. అందుకని ఎపర్చర్‌ను, అంటే లెన్సు కన్నును, ఒక మెట్టు ఎక్కువ తెరిచాను. రెండడుగులు వేయగానే మోకాళ్లదాకా దిగబడ్డాను. గుల్లలు ఏరుతున్న ఒకామె నవ్వింది.

“ఆడ కాదయ్యా, గుల్లలున్న కాడ కాలుపెట్టు. గట్టిగా ఉంటది.” ఆమె మళ్లీ నడుము వంచి ఏరుకుంటుండగా ఫోటో తీశాను.

బాగా కనిపించాలని ఈసారి గోడకు తగిలించేంత పెద్ద ప్రింటు వేశాను. కోటమ్మ దాన్ని అటూ ఇటూ జరిపింది.

“ఒక మూల కనపడితే ఇంకో మూల పోతాందప్పా. గొట్టంలో నుంచి చూసినట్టుండాది. చిన్నది చెయ్యి.”

ఆ జబ్బుకు చూపు అంచుల నుంచి మూసుకొస్తుందని అప్పుడే తెలిసింది. స్టూడియోకు పరుగెత్తి, అదే నెగటివ్‌ను అగ్గిపెట్టెంత ప్రింటుగా వేసి, ఆరీ ఆరకముందే తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె మెల్లగా చేయి చాపి, కంటికి దూరంగా పట్టుకుంది. పర్ర మొత్తం ఆ చూపులో ఇమిడింది. నడుము వంచిన ఆ గుల్లలావిడ కూడా.

“మా అమ్మ గూడా ఇట్లే వంగుతా ఉన్నింది,” అంది. చాలాసేపు చేయి దించలేదు. తర్వాత, “చాలప్పా. నీళ్లు వచ్చేలోపల చూసేసినాను,” అంది.

ఆ ఏడాది లోపలే ఆమెకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఎవరైనా తమ ఊరి ఫోటో కావాలంటే, దారి అడగడానికి ముందు ఇంకో మాట అడగడం అలవాటు చేసుకున్నాను: “ఏ వేళప్పటి ఊరు కావాలమ్మా మీకు?”