అందరితో పాటు లేచిన రోజు

నైజాం రాజ్యం చివరి రోజులవి. చందానగర్ దగ్గరి మా ఊరి బడిలో ఆడపిల్లలం ఐదుగురమే. నాకు పదమూడేళ్లు. చాప మీద నా పక్కన కూర్చునే పిల్లే నా ప్రాణ స్నేహితురాలు. ఆ ఏడు ఆమెకు మశూచి సోకింది. రెండు నెలల తర్వాత బడికొస్తే ముఖమంతా మచ్చలు.

మాలో పెద్దది పటేలు కూతురు. ఏ రిబ్బను కట్టాలో, ఎవరితో నవ్వాలో ఆమె చెప్పినట్టే నడుచుకునేవాళ్లం. ఆ రోజు ఆమె లేచి వెనక్కి వెళ్లి కూర్చుంది. మిగతా ఇద్దరూ లేచారు. నేనూ పలక తీసుకుని లేచాను. నా స్నేహితురాలు తలెత్తకుండా ఉర్దూ అక్షరాలు దిద్దుకుంటూ ఉండిపోయింది. వారం తర్వాత బడికి రావడం మానేసింది.

సంగతి తెలిసి మా నాయనమ్మ అడిగింది.

"నీకు భయమైందా?"

"లేదు."

"మరెందుకు లేచినవ్?"

"అందరు లేచిన్రు."

మర్నాడు స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"బడికి రావా?" అన్నాను.

చేట ఆపకుండానే చెప్పింది. "వాళ్లు లేస్తరని నాకెరుకే. నువ్వు జర ఆగుతవనుకున్న."

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ ఎండాకాలం ఆమెకు పెళ్లి చేసి పంపించారు. నేను ఇంకో రెండేళ్లు చదివాను, పటేలు కూతురి పక్కనే కూర్చుని.