మంగళవారాల గోడ

మా ఎల్మినా రేవులో మంగళవారం ఎవరూ చేపల వేటకు వెళ్లరు. ఆ రోజు సముద్రానిది. పడవలు ఒడ్డున పడుకుంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ పాత గొడవలు తవ్వుకుంటారు. చేపలు రావు కాబట్టి వాటిని పొగబెట్టి నిలవచేసే ఆడవాళ్లకు పొయ్యి దగ్గర పని ఉండదు. మా అక్క కూతురు ఎకువా వారంలో ఆ ఒక్క రోజు తన గోడ పని చూసుకునేది.

తన గోడ అన్నాను. అలా అనకూడదు. అది మా ఉమ్మడి ఇంటి వెనక గోడ. ఇల్లు మా అమ్మమ్మ కట్టించింది. మాలో ఇల్లు అమ్మ వైపు నుంచే దిగుతుంది. అమ్మమ్మ పొట్టన పుట్టినవాళ్లూ, ఆడపిల్లల పిల్లలూ కలిపి నలభై ముగ్గురికి అందులో హక్కుంది. ముందు భాగమంతా రాయి. అక్కడికి అమ్మమ్మ చేతిలో డబ్బు అయిపోయింది. అందుకని వెనక నాలుగు గదులూ మట్టితో లేపింది. వాటిలో చివరి గది ఎకువాది.

ఆమె పొట్టిగా, దిట్టంగా ఉండేది. నలభై ఏళ్లు పొగలో నిలబడి కళ్లు ఎర్రబడిపోయాయి. పిల్లలు లేరు. మొగుడు పడమటి తీరానికి వేటకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ గది తప్ప ఆమెకు వేరే చోటు లేదు. ఆ గదికి ఉన్న రోగం ఆ గోడ. చూరు నుంచి జారిన వాన నేల మీద పడి ఎగిరి, ఏళ్ల తరబడి గోడ పాదాన్ని కొరికేసింది. కింద మోకాలెత్తున గుంట పడింది. పైన లావుగా, కింద సన్నగా, కల్లు తాగినవాడు నిలబడ్డట్టు నిలబడి ఉండేది.

ఒక ఆదివారం ఎకువా ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టమంది. మా కుటుంబ పెద్ద ఎస్సుమన్, నా పెద్దమ్మ కొడుకు. పెద్దవాడు నేరుగా మాట్లాడడు, అతని మాట ఇంకొకరు అందించాలి. ఆ ఇంకొకణ్ణి నేను. చిన్నప్పుడు సిస్టర్ల బడిలో చదువుకున్నాను. నిలబడి గొంతెత్తి మాట్లాడటం వాళ్లే నేర్పారు. అబద్ధం ఆడకూడదని కూడా నేర్పారు గానీ అది నాకు అంతగా అంటలేదు.

"మామా, పెద్దాయనకు చెప్పు," అంది ఎకువా. "ఆ గోడ ఇంక నాలుగు వానలు కూడా చూడదు. కింది వరసలు తీయించి సిమెంటు ఇటుకలు పెట్టిస్తా. ఖర్చు నాదే. ఎవరి ముందూ చెయ్యి చాపను."

"ఖర్చు నీదే అయితే గోడ ఎవరిదవుద్దే?" అంది అడ్వోవా. ఆమె నా చెల్లెలి కూతురు, రాతి భాగంలో ఉంటుంది.

"గోడ ఇంటిదే."

"ఇయ్యాళ అట్టాగే అంటావు. రేపు నువ్వు పోయేముందు ఆ గది మీ చర్చివాళ్లకు రాసిచ్చేస్తే? నీకు ఎనక ఎవరున్నారని?"

అడ్వోవా గయ్యాళే గానీ, ఆ భయం ఆమె ఒక్కదానిదే కాదు. మాలో సిమెంటుకు నోరుంటుంది. ఉమ్మడి ఇంటికి మట్టి పూస్తే వాకిలి ఊడ్చినంత లెక్క, ఎవరూ పట్టించుకోరు. ఒక్కరు సొంతంగా సిమెంటు పెట్టారంటే, పదేళ్ల తర్వాత అది కోర్టుకెక్కి సాక్ష్యం చెబుతుంది. ఎస్సుమన్ ఎటూ తేల్చక నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పి బరువు దించమని ఆ చూపు.

నేను పక్క ఊరు కేప్ కోస్ట్ మనిషి కథ ఎత్తుకున్నాను.

"అతను ఉమ్మడి ఇంటికి సొంత డబ్బుతో తలుపు పెట్టించాడు. వారం తిరక్కుండా తలుపు నాదన్నాడు. నీదైతే పీక్కుపోరా అన్నారు. తలుపు నాదైతే అది తెరుచుకునే చోటూ నాదే అన్నాడు. తర్వాత అందులోంచి వచ్చే గాలి నాదన్నాడు. ఆ గాలి పీల్చినందుకు వాళ్ల పెద్దమ్మ దగ్గర రోజుకో మొక్కజొన్న కెంకీ ముద్ద వసూలు చేశాడు, పైన వేయించిన చేప కూడా! పాపం, ఆవిడ తిండి లేక పోయింది. శవాన్ని నా తలుపులోంచి తీసుకెళ్లనివ్వనన్నాడు. ఏం చేస్తారు? కప్పు విప్పి పైకి లాగారు. ఆవిడ సగం దారిలో కళ్లు తెరిచి, ఆకాశం కూడా నీదేనా నాయనా అని అడిగింది!"

అలాంటి మనిషి ఎవడూ లేడు. అక్కడికక్కడే అల్లాను. నలభై మంది పొట్టలు పట్టుకుని నవ్వారు. అడ్వోవాకు పొలమారింది. ఎకువా కూడా నవ్వింది. అది నాకు బాగా గుర్తు.

ఎస్సుమన్ కళ్లు తుడుచుకుని, "చెప్పు, అందరం కలిసే చేద్దాం. ఆ రోజు వస్తుంది," అన్నాడు. నేను గొంతెత్తి అదే చెప్పాను. అందరూ లేచారు.

అప్పటికే ఆమె రెండు బస్తాల సిమెంటు కొని పెట్టుకుంది. అది ఆ రోజు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కూడా చేప బాగా పడినప్పుడల్లా ఒక బస్తా కొనేది. అనుమతి దొరికిన రోజున చేతిలో సరుకు లేకపోతే ఎలా అని ఆమె భయం. మంచం కింద చెక్కల మీద పేర్చి పాత గుడ్డలు కప్పేది.

సిమెంటు పెట్టనివ్వరు కాబట్టి మట్టే పెట్టేది. మంగళవారం పొద్దున్నే ఉప్పుమడుల అవతల నుంచి ఎర్రమట్టి తలమీద మోసుకొచ్చి, కాళ్లతో తొక్కి, ఆ గుంటలో కూరేది.

"ఏమే, గోడకు ముద్దలు పెడతన్నావా?" అనేవాణ్ణి.

"పెడతన్నా మామా. నేను పెట్టిందంతా వాన తినేసి పోతంది. దీనికంటే నా మొగుడే నయం, తిని పోయాడు గానీ మళ్లీ రాలేదు."

అలా నాలుగేళ్లు. అయిదో ఏడు ఎస్సుమన్ అక్క అబా పోయింది. మాలో చనిపోయిన మనిషిని ఉమ్మడి ఇంటి ముందు గదిలో పడుకోబెట్టి ఊరికి చూపించాలి. ఇల్లు చూడముచ్చటగా ఉండాలి. అది అయ్యేదాకా శవం ఆసుపత్రి చల్లగదిలో ఉంటుంది. అందరూ చందాలు వేసుకున్నారు. రాతి భాగానికి పసుపు రంగు నూనెపెయింటు వేయించాం.

"మామా, ఆ రంగులో కొంచెం తగ్గించి నా గోడ చూడమని చెప్పవా?"

చెప్పాను. ఎస్సుమన్ జవాబు కూడా తెచ్చి ఇచ్చాను. "పరామర్శకు వచ్చేవాళ్లు ముందు నుంచి వస్తారు గానీ వెనక నుంచి రారు కదే అన్నాడు."

ఎకువా తల ఊపి వెళ్లిపోయింది. వచ్చినవాళ్లందరికీ చేప ఆమే పొగబెట్టింది.

రంగు ఒక డబ్బా మిగిలింది. రంగుకు నోరు లేదు, ఎవరూ కాదనలేదు. నేనే మోసుకెళ్లి ఆమె గుమ్మంలో పెట్టాను. ఎకువా అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు. రెండు మంగళవారాలు కూర్చుని, ఆ మట్టిగోడకు బయటవైపు కింది నుంచి పైదాకా మూడు పూతలు వేసింది. పగుళ్లు మాయమయ్యాయి. గోడ వెన్న రాసినట్టు మెరిసింది.

"ఇప్పుడు చూడు మామా, ముందు గదులకు చెల్లెల్లాగ లేదూ?"

ఉందన్నాను.

జూన్‌లో మూడు రోజులు ఆగకుండా వాన కొట్టింది. నాలుగో రోజు మంగళవారం. పొద్దున ఎండ వచ్చింది. ఇంకే రోజయినా ఆమె తీరంలో ఉండేది. నేను ముందు అరుగు మీద వలలు కుట్టేవాళ్లకు ఏదో చెప్పి నవ్విస్తున్నాను. వెనక నుంచి చప్పుడు వచ్చింది. పెద్దదేం కాదు. తడిసిన బట్టల మూట దించినట్టు.

గోడ బయటికి పడింది. ఆమె దాని పాదం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మట్టి కూరుతోంది. చేతులతో తవ్వాం. పసుపు రంగు పొర తోలులాగ పలకలు పలకలుగా చేతికొచ్చింది. ముందు పాదాలు దొరికాయి. చీలమండల దాకా, తానే తొక్కిన ఎర్రమట్టి.

ఈసారి ఇంటివాళ్లు పావుగంటలో తేల్చేశారు. కూలిన ఇంట్లో మనిషిని పడుకోబెట్టలేం. ఎస్సుమన్ నా చెవిలో, "ఊరంతా వస్తుంది. ఈసారి అందరూ వెనక్కే వెళ్లి చూస్తారు. గోడ గట్టిగా ఉండాలి," అన్నాడు. అడ్వోవా అందరికంటే ఎక్కువ చందా వేసింది. పని చూసుకోమని నాకు అప్పగించారు. ఎకువా ఏడు వారాలు చల్లగదిలో ఉంది.

మేస్త్రీ ఎకో పని మొదలుపెట్టిన రోజు, విరిగిన మట్టి పెళ్ల ఒకటి చేతిలో తిప్పి చూశాడు.

"తాతా, ఈ రంగు ఎవరేయమన్నారు? మట్టికి ఊపిరాడాల. లోనికెళ్లిన నీళ్లు బయటికి రాలేక లోపలే నాని గంజయిపోయింది. పైకి మాత్రం పెళ్లికూతురు."

"మిగిలిందని ఇచ్చాం," అన్నాను.

అతను గది ఖాళీ చేయడానికి లోపలికి వెళ్లి, కాసేపటికి కేకేశాడు. "తాతా, ఈమె మంచం కింద రాళ్లు దాచిందేంటి?"

వెళ్లి చూశాను. ఏడు బస్తాలు. సముద్రపు గాలికి, తేమకు ఎప్పుడో గట్టిపడిపోయాయి. ఎకో కాగితం చీరేశాడు. లోపల బస్తా ఆకారంలోనే రాయి. కాగితం ముడతలు, అంచున కుట్టిన దారం గుర్తులు కూడా అచ్చుపడి ఉన్నాయి.

"సిమెంటు! ఇంత సరుకు పెట్టుకుని మట్టి పూసిందా? పిచ్చిదా ఏంటి?"

"కాదు," అన్నాను.

"పారేయించనా?"

"పునాదిలో వేస్తే బరువు మోస్తాయా?"

"రాళ్లే కదా తాతా. మోస్తాయి."

ఏడూ వరసగా, ఆమె మంచం కింద ఎలా ఉన్నాయో అలాగే కందకంలో పేర్చాడు. పైన ఇటుకలు లేచాయి. తొమ్మిది రోజుల్లో గోడ అయిపోయింది. మిగతా రోజులు కుర్చీలకూ, షామియానాలకూ, నల్లబట్టలకూ పట్టాయి.

ఆమెను తెచ్చిన రోజు ఎస్సుమన్ కొత్త గోడ పాదంలో, చనిపోయిన మా పెద్దలకు సారా ధార పోశాడు. మాట నేను అందించాలి. "పెద్దలారా, తాగండి. ఈ గోడను మేమందరం కలిసి కట్టుకున్నాం," అని గొంతెత్తి చెప్పాను. అందరూ అవునన్నారు. నా గొంతు ఎక్కడా వణకలేదు. సిస్టర్లు బాగా నేర్పారు.

ఇప్పుడా గది నాకిచ్చారు. గోడతో పాటు కప్పు కూడా కొత్తది వేయించాం కాబట్టి ఇంట్లో కారని గది అదొక్కటే. వాన పట్టుకుంటే రాతి భాగం వాళ్లు చాపలు చుట్టుకుని నా దగ్గరికి వచ్చేస్తారు. అడ్వోవా కూడా వస్తుంది. కొత్త గోడకు వీపు ఆనించి కూర్చుని, తలుపు పెట్టించిన మనిషి కథ చెప్పమంటారు.

మరిచిపోయానని చెబుతాను.