ఎదురొచ్చే ఓబులమ్మత్త

బొరుగులు నీళ్లలో పడగానే ఒక వాసన లేస్తుంది. ఎవరికి అది ఎట్లా తోస్తుందో గానీ, నాకు మాత్రం అది ఓబులమ్మత్త హోటలు వాసన. మొన్న ఆదివారం సాయంత్రం జమ్మలమడుగులో మా ఇంట్లో ఉగ్గాణి కోసం బొరుగులు నానబెట్టి పిండుతున్నాను. మా అమ్మాయి హారిక గడప దగ్గర కూర్చుని ఫోనులో వీధులు తిరుగుతోంది. మర్నాడు పొద్దున బయలుదేరి పులివెందులలో ఇంజనీరింగు కాలేజీలో చేరాలి. బస్టాండులో దిగి హాస్టలుకు ఎటు తిరగాలో ముందే చూసుకుంటోంది. ఆ మ్యాపులో వీధులన్నీ ఫొటోలుగా ఉంటాయట. కెమెరా పెట్టుకున్న కారొకటి ఊరూరా తిరిగి తీసిన ఫొటోలు. బాణం గుర్తు మీద వేలు పెడితే చాలు, మనమే నడుస్తున్నట్లు వీధి ముందుకు జరుగుతుంది.

అంతకు కాసేపటి ముందే మా ఆడబిడ్డ రమణమ్మ వచ్చి ఒక మాట చెప్పిపోయింది. "రేపు పాప బయలుదేరేటప్పుడు నేను బిందె పట్టుకొని ఎదురొస్తాలే వదినా. నువ్వు లోపల్నించే సాగనంపు. ఏమీ అనుకోవద్దు." మంచి పనికి పోయేవాళ్లకు ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రావాలి, భర్త పోయినామె ఎదురు రాకూడదు అని మా పక్క నమ్మకం. మా ఆయన పోయి ఏడాది దాటింది. రమణమ్మ చెడ్డది కాదు, మేనకోడలంటే ప్రాణం. అందుకే నేను సరేనన్నాను. అన్నాక మాత్రం మనసు బాగాలేదు. కన్నబిడ్డ మొదటిసారి ఇల్లు దాటి పోతుంటే నేను తలుపు చాటున నిలబడాలా అని బొరుగుల్ని కసిగా పిండుతున్నాను.

"పులివెందుల చూసేసినా మా. నువ్వు పుట్టిన వీధి చూపియ్యనా?" అంది హారిక.

ప్రొద్దుటూరులో మా పాత వీధిలోకి తీసుకుపోయింది. తాలింపు పొయ్యి మీదే ఉంచి, చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నాను. అదే వంకర వీధి. ఇళ్లకు కొత్త రంగులు, మిద్దెల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు. వీధి చివర కొళాయి. హారిక బాణం నొక్కుతూ పోయింది. ఒక అడుగు, ఇంకో అడుగు. అప్పుడు కొళాయి వైపు నుంచి ఒకామె మాకు ఎదురుగా వస్తోంది. ఎడమ నడుము మీద బిందె, మోకాళ్ల కిందికి ఎగదోపిన చీర, భుజాన తువ్వాలు. కుడి చెయ్యి పైకెత్తి ఉంది. ముఖం మాత్రం మసకగా ఉంది. దారిన పోయేవాళ్ల ముఖాలన్నీ అట్లాగే మసక చేస్తారట.

"ఓబులమ్మత్త!" అని అరిచాను.

"మొగమే కనపడదు కదా, ఎట్ల గుర్తుపట్టినావు?"

"మొగం చూసి గుర్తుపట్టేది కొత్తోళ్లను. ఆ చెయ్యి చూడు. కారాయన్ను అడుగుతాంది, 'యాడికి పోతాండావప్పా' అని."

నేను పుట్టినప్పటి నుంచీ ఆ వీధిలో ఓబులమ్మత్త ఉంది. చుట్టమేం కాదు, ఎదురింటామె. ఇంటి ముందు రేకులు దించి చిన్న హోటలు పెట్టుకుంది. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు. అంతే, ఇంకేమీ చేయదు. ఎవరైనా ఇడ్లీ అడిగితే "ఇడ్లీ కావాల్నంటే ఆసుపత్రిలో పడుకోపో" అనేది. భర్త లారీ డ్రైవరు. పెళ్లయిన కొన్నేళ్లకే ఘాట్ రోడ్డులో లారీ బోల్తాపడి పోయాడు. ఆమెకు పిల్లల్లేరు. పుట్టింటికి రమ్మంటే పోలేదు, పొయ్యి పెట్టుకుని కూర్చుంది.

హోటలుకు నీళ్లు కావాలి. కొళాయి వీధి చివర ఉంది. అందుకని తెల్లవారింది మొదలు ఆమె బిందెతో వీధిలో తిరుగుతూనే ఉండేది, పనుల మీద బయటికి పోయే మగవాళ్లంతా ఆమె ఎదురు తప్పించుకోలేక తంటాలు పడేవాళ్లు. గోడ మీద నుంచి తల ఎత్తి చూసేవాళ్లు, ఆమె లోపలికి పోయిందాకా ఆగేవాళ్లు, పిల్లల్ని ముందు పంపేవాళ్లు. ఆమె అంతా చూసేది. "నా ఎదురు వద్దనుకుంటే మిద్దెల మీద ఎగురుకుంటా పోండప్పా" అని నవ్వేది. పైగా బయటికి పోయేవాళ్లను "ఎక్కడికి" అని అడగకూడదని ఇంకొక పట్టింపు ఉంది కదా, ఆమె అదీ పాటించేది కాదు. కనపడిన ప్రతి మనిషినీ చెయ్యెత్తి "యాడికి?" అని అడగాల్సిందే. ఇన్ని తిట్టుకున్నవాళ్లు తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆమె హోటల్లోనే బజ్జీలు తినేవాళ్లు. తినేటప్పుడు శకునం అడ్డం రాదేమో.

మాది గొర్రెలవాళ్ల కుటుంబం. ముద్దనూరు పక్క పల్లె నుంచి మా నాయన ప్రొద్దుటూరు వచ్చి గొర్రెల వ్యాపారంలో పడ్డాడు. ఇంటి వెనక దొడ్డిలో ఎప్పుడూ కొన్ని జీవాలుండేవి. ఒకసారి నేను పెంచుకున్న గొర్రెపిల్ల పొట్ట ఉబ్బి నా చేతుల్లోనే చచ్చిపోయింది. ఏడుస్తూ హోటలు ముందరి అరుగు కట్ట మీద కూర్చుంటే ఓబులమ్మత్త వచ్చి పక్కన కూలబడింది. ఓదార్చలేదు. "గొర్రెలోళ్ల బిడ్డవు, గొర్రెకు సూదెయ్యను రాకపోతే ఎట్ల మే? నేర్చుకోపో" అంది. అక్కడితో వదల్లేదు. తన దగ్గర తినడానికి వచ్చే పశువుల ఆసుపత్రి కాంపౌండరును అడిగి అడిగి, పదో తరగతి పాసైన పిల్లలకు పులివెందులలో పశువైద్య సహాయకుల కోర్సు ఉందని కనుక్కుంది. మా నాయనను ఒప్పించింది కూడా ఆమే. నా బతుకు ఆమె హోటల్లో, ఆ బజ్జీల పొయ్యి దగ్గర నిర్ణయమైంది.

సీట్ల కోసం రమ్మన్న రోజు నాయనా నేనూ తెల్లవారుజామునే బయలుదేరాం. గడప దాటి నాలుగడుగులు వేశామో లేదో ఓబులమ్మత్త బిందెతో ఎదురైంది. "ఏం గంగన్నా, పాపను తోడుకొని యాడికి పోతాండావు?" అంది. ఎక్కడికో ఆమెకు తెలియదా! సంతోషం పట్టలేక అడిగిన మాట అది. నాయన ముఖం మాడిపోయింది. జవాబు చెప్పకుండా వెనక్కి తిరిగాడు. ఎదురు బాగాలేకపోతే ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలని మా పెద్దల లెక్క. "కూచ్చోమ్మా, తొందరేం ల్యా" అని చెంబు చేతికిచ్చాడు. నేను నీళ్లు తాగుతుండగానే బస్సు పోయింది. తర్వాతి బస్సు ముద్దనూరు రైలు గేటు దగ్గర ఇరుక్కుంది. మేము చేరేసరికి నా పేరు పిలవడం, లేనని పక్కన పెట్టడం అన్నీ అయిపోయాయి.

"చూసినావా, ఎదురు ఎంత పని చేసిందో" అన్నాడు నాయన, తిరుగు బస్సులో.

"ఆగకుండా పోయింటే అందేది కదా నాయనా" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఎదురు వల్లే నా సీటు పోయిందన్న మాట వీధిలో పాకింది. ఆ తర్వాత ఓబులమ్మత్త నన్ను "యాడికి" అని అడగడం మానేసింది. అందరినీ అడిగేది, నన్ను తప్ప. కొళాయికి పోతున్నా, అంగడికి పోతున్నా, నేను కనపడితే బిందెతో సహా పక్క సందులోకి తప్పుకునేది. సీటు పోయినందుకు కంటే అందుకు ఎక్కువ ఏడ్చాను. మరుసటి ఏడు మళ్లీ పిలుపు వచ్చింది. "ఈసారి కూడా కాకపోతే చదువు మాట ఎత్తొద్దు, జీవాలను చూసుకో" అని నాయన కరాఖండిగా చెప్పాడు.

పోవాల్సిన రోజు పొద్దున వీధిలోకి వస్తే బొరుగుల వాసన లేదు. పొయ్యి చల్లగా ఉంది. హోటలు ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి తలుపు వైపు చూస్తున్నారు. జ్వరమొచ్చినా పొయ్యి ఆర్పని మనిషి, నా కోసం తలుపు వేసుకుని లోపల కూర్చుంది. "మంచిదే, పా పోదాం" అని నాయన ముందుకు నడిచాడు. నేను ఆయన వెంట నడవలేదు. పోయి తలుపు కొట్టాను.

"అత్తా! ఓ అత్తా!"

"నేను ల్యా. పో మే!"

"లేకపోతే ఎవరు మాట్లాడేది?"

ఈసారి లోపల్నించి వచ్చిన గొంతు నేనెన్నడూ విననిది. "నా మొగం చూడకుండా పో పాపా. ఒక ఏడు పోయింది, చాలు. నీకు దండం పెడతా."

"నువ్వు ఎదురొస్తేనే పోతా. లేకుంటే ఈ కట్ట మీదనే కూచ్చుంటా."

"బస్సు పోతాది మే!" అని నాయన వీధిలోంచి అరుస్తున్నాడు. నేను నిజంగానే కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. జుట్టు కూడా దువ్వుకోలేదు. నన్ను దాటుకుని నాయన ముందుకు పోయి నిలబడింది.

"గంగన్నా, మా ఆయప్ప కడాసారి లారీ ఎక్కిన పొద్దు ఎదురొచ్చింది ఎవరో తెల్సునా? నేనే. తల నిండా పూలు, మొగాన ఇంత బొట్టు, నిండు బిందె. శానా మంచి ఎదురు. ఏమాయ?"

మా నాయన గొర్రెల బేరంలో ఎవరికీ తగ్గే మనిషి కాదు. ఆ మాటకు తల వంచుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "బిందె తీసుకో అక్కా. ఎదురు రా."

ఆమె పరుగున కొళాయి దాకా పోయింది. బిందె నింపి, ఎడమ నడుము మీద పెట్టుకుని మా వైపు తిరిగింది. నీళ్లు ఒలుకుతున్నాయి, చీర తడుస్తోంది. దగ్గరికొచ్చి కుడి చెయ్యి ఎత్తి, వీధంతా వినపడేలా అడిగింది. "ఏం పాపా, యాడికి పోతాండావు?"

"పులివెందులకత్తా!"

"పోయిరా!"

సీటు వచ్చింది. నీ ఎదురు మంచిదత్తా అని నేనంటే ఒప్పుకునేది కాదు. "నా ఎదురూ కాదు, నా మొగమూ కాదు. బస్సు అందింది కాబట్టి వచ్చింది" అనేది. నా చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆమె కళ్ల ముందే జరిగాయి. ఇప్పుడు పెద్దముడియం పశువుల ఆసుపత్రిలో పని చేస్తున్నాను. పొట్ట ఉబ్బిన జీవం ఎక్కడ కనపడినా ఆ కట్ట, పక్కన కూలబడిన ఆ మనిషి గుర్తొస్తారు. మా నాయన సంగతి చెప్పాలా! బతికున్నన్నాళ్లూ సంతకు పోయే ముందు హోటలు దగ్గర ఆగి, ఆమె "యాడికి" అని అడిగిందాకా కదిలేవాడు కాదు.

మా ఆయన పోయినప్పుడు ఆమె ఆ వయసులో బస్సెక్కి జమ్మలమడుగు వచ్చింది. అందరూ ఏడుస్తుంటే నా పక్కన గోడకానుకుని ఊరికే కూర్చుంది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "రేపట్నించి వీధిలోకి పోవాల్సొస్తాది. నిన్ను చూసి పక్కకు తప్పుకుంటారు. తప్పుకుంటే తప్పుకోనీ, దారి వెడల్పాయ అనుకొని నడువు" అంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆరు నెలలు తిరగకుండానే ఆమె కూడా పోయింది. ఇప్పుడా హోటలు చోట సెల్‌ఫోన్ల అంగడి ఉందని విన్నాను, చూడబుద్ధి కాక ఆ వీధికి పోలేదు.

పోకపోయినా ఇదిగో, ఫోనులో ఉంది. హారిక ఇంకో అడుగు నొక్కింది. అత్త దగ్గరికొచ్చింది. ఇంకో అడుగు వేస్తే మమ్మల్ని దాటిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే వీధి నడుమ నిలబడి కారు పోయిన దిక్కే చూస్తోంది. ఎవరో ముక్కూ మొహం తెలియని కారువాడు, అతనికీ ఎదురొచ్చింది. ఎన్నిసార్లు మొదటి నుంచి పోయినా మళ్లీ కొళాయి దగ్గర నుంచి బిందెతో వస్తూనే ఉంది. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, పొయ్యి మీద తాలింపు మాడిపోయేదాకా చూశాను. నాకిచ్చిన బతుక్కి ఆమెకు నోటితో ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు. చెబితే తిట్టేది.

మర్నాడు పొద్దున హారిక సంచులు సర్దుకుంటుండగానే నేను బిందె నింపుకుని వీధిలోకి నడిచాను. మలుపు దగ్గర రమణమ్మ పట్టుచీరలో, పూలు పెట్టుకుని, తన బిందెతో సిద్ధంగా ఉంది. నన్ను చూసి నిలబడిపోయింది. నేను బిందె దించకుండా అక్కడే నిలబడ్డాను. చివరికి రమణమ్మే తన బిందెను సర్దుకుని పక్కకు జరిగింది.

"నువ్వు ముందు నడువు వదినా. నేను వెనకమ్మడే వస్తా" అంది.

హారిక గడప దాటింది. నేను వీధి నడుమకు పోయాను. నీళ్లు ఒలికి కాళ్ల మీద పడ్డాయి, చల్లగా ఉన్నాయి. "ఏం పాపా, యాడికి పోతాండావు?" అని అడిగాను. ఎదురింటివాళ్లు కూడా బయటికొచ్చి చూశారు.

"పులివెందులకు మా!" అంది హారిక. నవ్వుతూనే ఫోను పైకెత్తి ఏదో తీసింది.

కాసేపటికి నా ఫోనుకు ఆ ఫొటో వచ్చింది. వీధి, వెనక రమణమ్మ, ముందు నేను. ఎడమ నడుము మీద బిందె. కుడి చెయ్యి పైకి లేచి ఉంది. ఎప్పుడెత్తానో నాకు తెలియనే తెలియదు. ముఖం మాత్రం స్పష్టంగా కనపడుతోంది. కింద హారిక రాసింది, "బస్సు అందింది మా."