అరువు మామయ్య అటక

“అమ్మాయ్, నీ దగ్గర స్క్రూడ్రైవర్ ఉందా?”

నేను ఆ ఊళ్ళో దిగి అప్పటికి గంటన్నర. డిగ్రీ పట్టా, మొదటి ఉద్యోగపు ఉత్తరం, రెండు అట్టపెట్టెలు, ఒక సూట్‌కేసు నా ఆస్తి. మూడో అంతస్తులో ఒంటిగది వాటా. తలుపు తీస్తే గళ్ళచొక్కా, చెవిమీద పెన్సిలు, అరవై అయిదేళ్ళ మనిషి.

“ఉందండీ. ఇప్పుడే మంచం బిగించుకుంటున్నాను. మీరు?”

“నీ పై వాటా. బిగించుకున్నాక ఇవ్వు. ఊహూ, వద్దు, ముందు ఇచ్చెయ్. మంచం ఎక్కడికీ పారిపోదుగా!”

పారిపోలేదు. వారం రోజులు చెక్కలుగానే గోడకి ఆనుకుని నన్ను చూస్తూ ఉంది.

ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు, అరువడగడం. కొందరికి పొద్దున్నే కాఫీ పడాలి, కొందరికి పేపరు పడాలి. ఈయనకి పక్కవాళ్ళ వస్తువు ఒకటి చేతిలో పడాలి. రైల్లో గార్డుగా ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరయ్యారు. బిల్డింగంతా ‘అరువు మామయ్య’ అని పిలుస్తుంది, ఆయన నిక్షేపంగా పలుకుతారు. అరువు సొమ్ము బరువు చేటంటారు. ఇక్కడ సొమ్ము మాది, చేటూ మాదే. బరువు ఒక్కటే ఆయన అటకది.

మొదటి అంతస్తులో టైలర్‌గారు ఒక చొక్కా చెయ్యి కత్తిరిస్తుండగా మామయ్య వెళ్ళి ఆ కత్తెరే అడిగారట. “పొడుగు చేతుల చొక్కా సార్, సగంలో ఉన్నాను” అని ఆయన మొత్తుకున్నారట. “అయితే పొట్టి చేతులు చెయ్యి, ఎండాకాలం వస్తోంది” అని సలహా ఇచ్చి కత్తెర పట్టుకొచ్చేశారు. రెండో అంతస్తు టీచరుగారిని టైమెంతయిందని అడగడానికి వెళ్ళి గోడగడియారమే తెచ్చేసుకున్నారు. అప్పటినుంచి ఆవిడ బడికి బయల్దేరే ముందు పైకొచ్చి టైము చూసుకుని వెళ్ళేవారు.

“మా పెళ్ళికి ఈయన వేసుకున్న బూట్లు ఎవరివో నాకిప్పటికీ తెలీదమ్మా,” అని అత్తయ్యగారు నాతో చెప్పుకున్నారు. “నన్ను కూడా ఎప్పుడో తిరిగిచ్చేస్తారేమోనని ఏడాది పాటు హడలిపోయాను. తీసుకున్నది తిరిగిచ్చే అలవాటే లేదని తెలిశాక గానీ నాకు నిద్ర పట్టలేదు.”

మూడు వారాల్లో నా స్క్రూడ్రైవరు, బకెట్, ఇస్త్రీపెట్టె, గొడుగు వరసగా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాయి. ఏదీ తనంతట తను కిందికి దిగలేదు. వెళ్ళి అడగాలి. అడిగితే ఇస్తారా?

“కూర్చో. ఎక్కడ పెట్టానో గుర్తు తెచ్చుకోవాలి.”

ఆయనకి గుర్తు రావడానికి రెండు టీలు పట్టేది. ఈలోపు ప్రశ్నలు. ఆఫీసులో కుర్చీ కిటికీ పక్కనా, గోడ పక్కనా? మేనేజరు ముందు అరిచి తర్వాత కారణం చెప్తాడా, కారణం చెప్పి అరుస్తాడా? మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటావు? ఈ చివరి ప్రశ్న దగ్గర నేను టీ గ్లాసులోకి చూసేదాన్ని. నేను తినేది ఫైళ్ళ బీరువా పక్కన, ఒక్కదాన్నే.

చివరికి ఇస్త్రీపెట్టె ఇచ్చి, “రేపు ఆ అలారం గడియారం పట్టుకురా,” అనేవారు.

“అలారం లేకపోతే నేనెలా లేస్తానండీ?”

“నేనొచ్చి తలుపు కొడతాను. అలారానికి నోరుందిగానీ చేతులున్నాయా?”

ఇక నా ఉద్యోగం సంగతి. ఫ్రిజ్‌ల కంపెనీలో ఫిర్యాదులకి జవాబులు రాయడం. నాలుగో వారంలో రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకావిడ ఫ్రిజ్ తలుపు ఎంత నెట్టినా పడటం లేదట. ఒకాయన ఫ్రిజ్ తలుపు ఎంత లాగినా ఒక పట్టాన రావడం లేదట. ఇద్దరికీ ఓపిగ్గా, మర్యాదగా జవాబులు రాశాను. కవర్లు తారుమారయ్యాయి.

తలుపు పడని ఆవిడ నా సలహా ప్రకారం రెండు చేతులతో పట్టుకుని బలంగా బయటికి లాగింది. తలుపు ఆవిడ చేతుల్లోకి వచ్చేసింది. తలుపు రాని ఆయన, మెకానిక్ వచ్చేదాకా తాడుతో గట్టిగా కట్టి ఉంచమన్నానని, అక్షరాలా కట్టి ఉంచాడు.

శుక్రవారం మేనేజరు నన్ను పిలిచి ఊడిన తలుపు ఫోటో నా ముందు పెట్టారు. ఈయన కారణం చెప్పి అరిచే రకం. “సోమవారం మాట్లాడదాం. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు, గుర్తుందిగా?” అన్నారు.

గుర్తుంది. గదికొచ్చి నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఈ ఊరు నాకు అచ్చిరాలేదు. వాళ్ళు పొమ్మనేలోపు నేనే పోతే ఆ మర్యాదైనా మిగులుతుంది. శనివారం పదకొండు గంటల బస్సుకి టికెట్ తీసుకున్నాను. అమ్మకి చెప్పలేదు, ఎదురుగా వెళ్ళి నిలబడితే అదే తెలుస్తుందని.

శనివారం తొమ్మిదికి బట్టలు మడతపెట్టి మంచం మీద పేర్చాను. సూట్‌కేసు తెరిచి పెట్టాను. తలుపు చప్పుడైంది.

“అమ్మాయ్, అర్జెంటు. నీ సూట్‌కేసు కావాలి.”

“మామయ్యగారూ, ఇవాళ కుదరదండీ!”

“మీ అత్తయ్య వాళ్ళక్క ఊరెళ్తోంది. గంటలో తెచ్చిస్తాను.” నా జవాబు వినే మనిషైతే కదా! సూట్‌కేసు మూసి, భుజానికెత్తుకుని, ఒక్కో అంగలో రెండేసి మెట్లెక్కేశారు.

పది దాటింది. సూట్‌కేసు రాలేదు. పరుగెత్తుకుని పైకి వెళ్ళాను. అత్తయ్యగారు తలుపు తీశారు.

“అత్తయ్యగారూ, మీ అక్కగారు బయల్దేరారా?”

“నాకు అక్కెక్కడుందమ్మా? నేనే పెద్దదాన్ని.”

లోపల మామయ్య పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు కూడా టీచరుగారిది. నాకు ఒళ్ళు మండింది. “నా బస్సు వెళ్ళిపోతుంది! నా సూట్‌కేసు ఇచ్చెయ్యండి!”

“అటక మీదుంది. దించుకో,” అన్నారు పేపరు వెనకనించి.

స్టూలెక్కాను. అటక నిండా సూట్‌కేసులే. ఆయన సొంతవి అయిదు, గార్డు ఉద్యోగంనాటి రేకుపెట్టె ఒకటి. వాటి పక్కన మూడు గొడుగులు, రెండు ఇస్త్రీపెట్టెలు, కత్తెర్లు, కాగితం కూడా విప్పని స్క్రూడ్రైవర్ల సెట్టు. అన్నిటి మీదా ఆయన పేరే రాసుంది.

“ఇవన్నీ మీవే కదా! మీకే ఇన్ని ఉంటే నావెందుకు?”

ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తారు. అత్తయ్యగారే నవ్వారు. “ఊరికే పలకరిస్తే ఏమంటారమ్మా మీరు? ‘బాగున్నానండీ’ అని తలుపేసుకుంటారు. అదే గొడుగు తెచ్చుకుంటే, వెతుక్కుంటూ మెట్లెక్కి వస్తారు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం ఈయనకి వచ్చు.”

మామయ్య పేపరు దించారు. “ఇరవై రెండేళ్ళకి ఉద్యోగమని నేనూ ఇలాగే ఒక ఊళ్ళో దిగాను. మూడు నెలలు నన్నెవరూ ఏదీ అడగలేదు. ఒకరోజు పక్కగది ఆయన వచ్చి, అగ్గిపెట్టె ఉందా బాబూ అన్నాడు. లేదు. వీధిలోకి పరుగెత్తి కొనుక్కొచ్చి ఇచ్చాను. ఆ పూటనించి అది నా ఊరు.” ఆగి, “సరేగానీ, నిన్నటినుంచీ నీ ముఖం అలా ఉందేం?” అన్నారు.

స్టూలు మీద నిలబడే చెప్పాను. కవర్లు తారుమారవడం దగ్గర అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తలుపు చేతిలోకొచ్చిన దగ్గర మామయ్య కుర్చీలోంచి జారారు. “మరి తాడాయన? పాపం ఇంకా కట్టే ఉంచాడా?” అని ఆయన కళ్ళు తుడుచుకుంటూ అడిగేసరికి నాకూ నవ్వు ఆగలేదు. స్టూలు ఊగింది. ఇద్దరూ పరుగెత్తుకొచ్చి చెరో వైపు పట్టుకున్నారు. ఎక్కడో పదకొండు కొట్టింది. ముగ్గురికీ వినిపించింది, ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు.

సోమవారం ముందుగా వెళ్ళి ఇద్దరికీ నేనే ఫోన్ చేశాను. ఆవిడ పది నిమిషాలు తిట్టి, కొత్త తలుపు పంపిస్తామన్నాక చల్లబడ్డారు. తాడాయన మాత్రం, “విప్పమంటారా? వద్దు తల్లీ. ముడి విప్పే బద్ధకానికి రెండు కిలోలు తగ్గాను,” అన్నాడు. ఈ సంగతి మేనేజరుకి చెబితే ఆయన అరవడానికి తెరిచిన నోటితో నవ్వేశారు. “ఇకమీద కవరు అంటించే ముందు రెండుసార్లు చూడు,” అని ప్రొబేషన్ కాగితం సొరుగులో పెట్టేశారు. ఆ మధ్యాహ్నం తాడాయన కథ వినడానికి నలుగురు తమ డబ్బాలు పట్టుకుని నా బీరువా పక్కకి వచ్చారు.

నెల తర్వాత ఒక ఆదివారం పైకి వెళ్ళాను.

“మామయ్యగారూ, నా సూట్‌కేసు ఇంకా మీ దగ్గరే ఉంది.”

“ఎక్కడికైనా వెళ్తున్నావా?”

“లేదు.”

“మరి దాంతో పనేంటి? అదలా ఉంచు. కింద గేటు పక్క వాటాలో మొన్న ఒక నర్సమ్మ దిగింది, చూశావా? రెండు సంచులు, ఒక కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాను తెచ్చుకుంది. ఇంతవరకూ కర్టెన్ కూడా పక్కకి జరపలేదు. నేను వెళ్తే లాభం లేదు. టైలరు ఆవిడని ముందే హెచ్చరించాడట, దుర్మార్గుడు! నువ్వు వెళ్ళి ఆ ఫ్యాను అడుగు.”

“ఇంత చలిలో ఫ్యానెందుకండీ?”

“ఆ ప్రశ్న ఆవిడ అడగాలి, నువ్వు కాదు. వెళ్ళి పట్టుకురా.”