సగం కోడి, సగం శనివారం

వాట్‌ఫర్డ్ నుంచి షెఫీల్డ్ వెళ్ళాలంటే ముందు వెనక్కి వెళ్ళాలి. ఇది నా ఫిర్యాదు. వాట్‌ఫర్డ్ లండన్‌కి ఉత్తరాన ఉంది, షెఫీల్డ్ ఇంకా ఉత్తరాన ఉంది, అయినా రైలు మనల్ని ఎక్కించుకుని నింపాదిగా దక్షిణానికి, లండన్ నడిబొడ్డుకి తీసుకుపోతుంది. అక్కడ దిగి, భుజాన సంచీతో పదిహేను నిమిషాలు నడిచి ఇంకో స్టేషన్‌లో ఇంకో రైలెక్కితే, అది మనం పొద్దున బయల్దేరిన వైపే మళ్ళీ వస్తుంది. కాసేపటికి ఎడమచేతి కిటికీలోంచి చూస్తే మా ఊరి మీది ఆకాశం కనిపిస్తుంది. ఈ సంగతి రైల్వేవాళ్ళకి రాద్దామని మూడేళ్ళు అనుకున్నాను. రాయలేదు. ఆ మూడేళ్ళలో నేను చెయ్యకుండా ఊరుకున్న పనుల్లో ఇది చాలా చిన్నది.

మా ఆవిడ షెఫీల్డ్‌లో ఒక పెద్దాసుపత్రిలో డాక్టరు. నాది వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళినాటికే ఎవరి ఉద్యోగం వాళ్ళకి, ఎవరి ఫ్లాట్ వాళ్ళకి ఉన్నాయి. ఒక్క ఏడాది ఇలా గడిపి, తర్వాత ఎవరో ఒకరం ఊరు మారదామనుకున్నాం. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మాత్రం అనుకోలేదు. కొత్తలో అలాంటివి అడగడం మర్యాదగా ఉండదు. పాతబడ్డాక అడగాలంటే భయంగా ఉంటుంది.

ఆమెకి ఆదివారాలు డ్యూటీ పడేది కాబట్టి మాకు మిగిలింది శనివారం. ఒకసారి నేను వెళ్ళేవాణ్ణి, రెండు వారాల తర్వాత ఆమె వచ్చేది. ఆసుపత్రివాళ్ళ డ్యూటీల పట్టిక, రోటా, వస్తేగాని మా ఇంట్లో పండగ ఎప్పుడో తెలిసేది కాదు. ఇక్కడ ఇంకో చిక్కు. శనివారం నేను నీచు ముట్టను. నా ఇంజనీరింగ్ గట్టెక్కితే శనివారాలు మాంసం మాన్పిస్తానని మా అమ్మ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది, నా తరఫున, నన్ను అడక్కుండా. మాది గుంటూరు వైపు. ఇలాంటివి మా ఇంట్లో అడిగి చెయ్యరు. ఆమెది కడప. వారం పొడుగునా ఆసుపత్రి శాండ్‌విచ్‌లు తిని, ఉన్న ఒక్క సెలవు పూటా ఆకులూ అలములూ తినమంటే ఊరుకునే మనిషి కాదు. "మీ దేవుడితో ఒప్పందం నీకుండాది, నాకు లేదు కదా సామీ" అంది. నన్ను వెక్కిరించాల్సి వచ్చినప్పుడల్లా సామీ అనేది. చాలాసార్లు వెక్కిరించాల్సి వచ్చేది.

ఒకే పళ్ళెంలో ఇద్దరి నియమాలూ నిలబడే తిండి మాకు ఈ దేశంలో ఒక్కటే దొరికింది. సగం కోడి, సగం కూరగాయలు వేసిన పిజ్జా. మధ్యలో కంటికి కనపడని గీత. కోడిముక్క ఏదైనా గీత దాటి నా వైపు జారితే, దానికి వీసా లేదని చెప్పి ఆమె ఫోర్కుతో వెనక్కి లాక్కునేది. నా మిరపముక్క అటు వెళ్తే మాత్రం అక్కడే ఉండిపోయేది.

మొదటిసారి వాట్‌ఫర్డ్‌లో తిన్నాం. బజారు వెనక సందులో ఇటికెల పొయ్యి ఉన్న చిన్న కొట్టు. నేపుల్స్ పద్ధతి. పలచటి రొట్టె, నడుమ తడి, అంచుల మీద నల్లటి మచ్చలు, పొయ్యిలో పెట్టిన ఒకటిన్నర నిమిషానికల్లా బయటికొస్తుంది. ఇంతకన్నా మంచి పిజ్జా ఈ ద్వీపంలో లేదని ప్రకటించాను. అప్పటికి ఈ ద్వీపంలో నాకు నాలుగు పిజ్జాలు తెలుసు. మా షెఫీల్డ్‌ది తిని మాట్లాడమంది ఆమె. అప్పుడు నేనే అన్నాను, ఏ ఊరి పిజ్జా బాగుంటే రెండోవాళ్ళు ఆ ఊరికి మారిపోవాలని. నవ్వుతూనే అన్నాను. ముఖ్యమైన మాటలు నేను అలాగే అంటాను, అన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుంది. ఆమె నూనె చెయ్యి చాపి నా చేతిలో వేసింది.

రెండు వారాలకి షెఫీల్డ్ వెళ్ళాను. ఆమె ఫ్లాట్ నుంచి కొండెక్కి పోవాలి. షెఫీల్డ్‌లో ఎక్కడికి పోవాలన్నా కొండెక్కే పోవాలి, తిరిగొచ్చేటప్పుడు కూడా. అక్కడ డెట్రాయిట్ పద్ధతి. నల్లటి ఇనప పళ్ళెంలో చదరంగా, రెండంగుళాల మందాన కాలుస్తారు. చుట్టూ అంచుల్లో చీజ్ ఇనుముకి అంటుకుని, మాడీ మాడకుండా, కరకరలాడుతుంది. ఒక్క కొరుకు కొరికాను. మా అమ్మమ్మ ఇనప మూకుట్లో పోసి, మూత మీద నిప్పులేసి కాల్చిన దిబ్బరొట్టె అడుగు గుర్తొచ్చింది. అంత మంచి పిజ్జా నేను అంతకుముందు తినలేదు, తర్వాతా తినలేదు.

"ఎట్ల ఉండాది?" అంది.

"ఆరున్నర," అన్నాను. "పదికి."

ఆ మీదట రెండేళ్ళు వాదించుకున్నాం. షెఫీల్డ్‌ది పిజ్జా కాదు, టమాటా పూసిన దిండు అని నా వాదన. పైగా వాళ్ళు చీజ్ కింద పరిచి సాస్ పైన పోస్తారు, చొక్కా మీద బనీను తొడుక్కున్నట్టు. వాట్‌ఫర్డ్ ముక్కని చేత్తో పట్టుకుని పైకెత్తితే కొస మూర్ఛపోయినట్టు వాలిపోతుందని, దానికి ముందు సెలైన్ ఎక్కించాలని ఆమె వాదన. పొడుల విషయంలోనూ ఇంతే. ఆమె సంచిలో వాళ్ళమ్మ పంపిన పప్పుల పొడి, నా జేబులో కందిపొడి, రెండూ చిన్న స్టీలు డబ్బాల్లో. వడ్డించే పిల్ల అటు తిరగ్గానే ఇద్దరం మూతలు తీసేవాళ్ళం. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను పప్పుల పొడి వేసుకునేవాణ్ణి. నేను వెళ్ళినప్పుడు కందిపొడి తగ్గేది.

ఒకసారి, వాదన కాని ఒక నిమిషంలో, వాట్‌ఫర్డ్ పిజ్జా అంచు మీది నల్లమచ్చని వేలితో తడుముతూ, వాళ్ళ నాయనమ్మని తలుచుకుని, మా జేజి మంట మీద కాల్చిన జొన్నరొట్టెకి గూడా ఇట్లే ఉండేవి అంది. అంటే ఆమె ఊరి పిజ్జాలో మా రొట్టె, నా ఊరి పిజ్జాలో వాళ్ళ రొట్టె ఉన్నాయి. ఈ విషయం వాదనలో ఎవరికీ పనికొచ్చేది కాదు. ఇద్దరం మళ్ళీ పైకి తీసుకురాలేదు.

తటస్థ ప్రదేశంలో తేల్చుకోమని వెంబ్లీలో ఉండే మా ఆఫీసు మిత్రుడు సలహా ఇచ్చాడు. వాట్‌ఫర్డ్‌దీ షెఫీల్డ్‌దీ రెండూ దండగని, అసలైన పిజ్జా వాళ్ళ వీధిలో ఉందని అతని నమ్మకం. వెళ్ళాం. గుజరాతీల కొట్టు. ఉల్లీ వెల్లుల్లీ లేని పిజ్జా, పైన పనీరు, కొత్తిమీర పచ్చడి, దాని మీద సన్న కారప్పూస. మొత్తం శాకాహారమే కాబట్టి ఆ రోజు గీత లేదు. చేతికి ఏ ముక్క దొరికితే అది తిన్నాం. ఇద్దరికీ నచ్చింది. వాదించుకోవడానికి ఏమీ లేక తొందరగా బిల్లు తెప్పించుకున్నాం. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. వెంబ్లీలో ఇద్దరికీ ఉద్యోగం లేదు.

మేం కలవని మధ్య శనివారాలు నావి. ఆ శనివారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బట్టలు ఉతుక్కుని, సాయంత్రం సందులో కొట్టుకి నడిచి, సగం సగం పిజ్జా ఒకటి కట్టించుకుని వచ్చేవాణ్ణి. మొత్తం కూరగాయలదే అడగొచ్చు. మొదటిసారి అలవాటుగా సగం కోడి అనేశాను, తర్వాత మార్చలేదు. మేడమ్ కార్లో ఉన్నారా అని కొట్టతను అడిగేవాడు. అవుననేవాణ్ణి. నాకు కారు లేదు. శనివారం నా సగం తిని, ఆమె సగం ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం మధ్యాహ్నం అది నేనే తినేవాణ్ణి, వంటగదిలో నిలబడి. ఎవరూ వీసా అడిగేవారు కాదు.

రెండో చలికాలం ఆమె వాట్‌ఫర్డ్ వచ్చిన ఒక శనివారం గురించి చెప్పాలి. ముందు రాత్రంతా డ్యూటీ చేసి, నిద్రపోకుండా రైలెక్కింది. ఆ రైలు గంటన్నర ఆలస్యం. కొట్టులో కూర్చుని రెండు ముక్కలు తిన్నాక, మూడోది చేతిలో వాలిపోతుంటే దాన్ని చూస్తూ అంది.

"సరేలే, మీదే బాగుండాది. నేనే వచ్చేస్తా. ఈ పక్క ఆసుపత్రుల్లో పోస్టులు పడినాయి."

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. రా అంటే చాలు. ఒక్క అక్షరం. నేను కాగితం న్యాప్‌కిన్ తీసి, పెన్ను తీసి, 'షెఫీల్డ్ తన ఓటమిని సవినయంగా అంగీకరించడమైనది' అని అందంగా రాసి, కింద సంతకానికి గీత గీసి, ఆమె ముందుకి తోశాను. ఆమె చదివింది. పెన్ను కాసేపు వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది. ఏదో అంటానని చూస్తోందని అప్పుడు నాకు తట్టలేదు, నా వాక్యం మెచ్చుకుంటోందనుకున్నాను. చివరికి పెన్ను నాకిచ్చేసి, ఆ న్యాప్‌కిన్‌తోనే చేతులు తుడుచుకుంది.

"లేదులే," అంది. "మాదే బాగుంటాది."

నాకు నవ్వొచ్చింది కూడా. స్టేషన్‌లో ఆమెని ఎక్కించి, ఖాళీ పట్టాల వైపు చూస్తూ నిలబడ్డప్పుడుగాని ఏం చేశానో అర్థం కాలేదు. ఫోన్ చేసి చెప్పొచ్చు. ఏమని చెప్పాలో అనుకుంటూ ఇంటికొచ్చాను. అనుకుంటూనే ఒక ఏడాది గడిచింది.

ఆ ఏడాది రోటా మరీ దయ తప్పింది. రెండు వారాలు మూడయ్యాయి, మూడు ఐదయ్యాయి. రానని ఆమె ఎప్పుడూ అనలేదు, కుదరడం లేదనేది. రావద్దని నాతోనూ అనలేదు. ఫోన్‌లో ఏం తిన్నావని అడిగితే చెప్పేది. మార్కులెన్ని అంటే, ఏదో బాగుందిలే అనేది. వాదన నేనొక్కణ్ణే చేసేవాణ్ణి, ఆమె వైపు మాటలు కూడా నేనే అనేసి. సామీ అనడం ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. ఇలాంటివి ఆగిపోయిన రోజున మనకి తెలియవు.

మూడో ఏడు ఒక ఆదివారం, చల్లటి కోడిముక్క నోట్లో పెట్టుకుని నిలబడి ఉండగా, నేను ఆమె సగం పిజ్జాతో మూడేళ్ళు కాపురం చేశానని తోచింది. సోమవారం మా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, షెఫీల్డ్ నుంచి పని చేసుకోవచ్చా, నెలకి రెండు రోజులు ఆఫీసుకి వస్తాను అని అడిగాను. దానికేం అన్నాడు. కాఫీ కప్పు కింద పెట్టకుండానే అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని కూడా అడిగాడు. పిజ్జా విషయం ఇంకా తేలలేదని చెప్పలేక నవ్వి వచ్చేశాను.

ఆ శనివారమే రైలెక్కాను. దక్షిణానికి వెళ్ళి, నడిచి, మళ్ళీ ఉత్తరానికి. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లించుకున్నాను: మీదే బాగుంది. హాస్యం వద్దు, న్యాప్‌కిన్ వద్దు. మధ్యాహ్నం వార్డులో పని ముగించుకుని నేరుగా కొట్టుకే వస్తానంది కాబట్టి నేనూ అక్కడికే కొండెక్కాను.

ఆమె అప్పటికే వచ్చి కూర్చుంది. మేం ఎప్పుడూ కూర్చునే బల్ల కాదు, కిటికీ పక్కన చిన్నది, ఒక కుర్చీది. కొట్టు యజమాని, ఎర్రటి ముఖం పెద్దాయన, పొయ్యి దగ్గర నుంచే "ది యూజువల్, లవ్?" అని, ఎప్పుడూ తినేదేనా అన్నట్టు, కేకేశాడు. ఆ ఊళ్ళో బస్సు డ్రైవరు కూడా అందర్నీ అలాగే పిలుస్తాడు, నాకు అభ్యంతరం లేదు. తర్వాత నన్ను చూసి, లోపలి నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. కౌంటర్ వెనక అలమరలో, ఉప్పు మిరియాల పక్కన, ఆమె స్టీలు డబ్బా ఉంది. మూత మీద కాగితం అంటించి డాక్టర్ అని రాశారు. ఆయన దాన్ని తెచ్చి, దాచాల్సిన పనేమీ లేదన్నట్టు, బల్ల మధ్యలో పెట్టి వెళ్ళాడు.

సగం సగం చెప్పనా అని అడిగాను. వద్దంది, తనది వచ్చేస్తోంది, నన్ను నాకేం కావాలో చెప్పుకోమంది. యూజువల్ అంటే ఒక మనిషికి సరిపోయే చిన్న పళ్ళెం, మొత్తం కోడి, అన్ని అంచులూ కరకరలాడేది. నాకు కూరగాయలది ఇంకో చిన్న పళ్ళెం వచ్చింది. గీత అవసరం లేకుండా పోయింది. ఒక ముక్క తిన్నాను. అదే దిబ్బరొట్టె.

"మీదే బాగుంది," అన్నాను. "మొదటి రోజే తెలుసు. అబద్ధం చెప్పాను."

ఆమె తల ఊపింది. ఆ సంగతి తనకీ మొదటి రోజే తెలుసన్నట్టు ఊపింది.

ఆఫీసులో ఒప్పుకున్నారని, వచ్చే నెల నుంచి ఇక్కణ్ణుంచే పని చేసుకోవచ్చని, ఫ్లాట్ ఖాళీ చేస్తానని చెప్పాను. ఒక్క జోకూ వెయ్యకుండా చెప్పాను. నాకు తెలిసి మా కాపురంలో అది మొదటిసారి. ఆమె నోట్లో ముక్క నమిలి మింగింది. పొడి డబ్బా మూత బిగించింది.

"వస్తే రా," అంది. "నాకైతే ఒక్కదాన్నే తినేది అలవాటైపోయింది."