స్క్రూ అడుగున సిలువ

మా ఆయన వరదానం సముద్రాన్ని రెండుసార్లే చూశారు. పెళ్ళయిన కొత్తలో సువార్త కూటానికని కొల్లేట్లో పడవెక్కితే, మోకాలి లోతు నీళ్ళలోనే వాంతి చేసుకున్నారు. అలాంటి మనిషి ఇరవయ్యేళ్ళు ఓడల సామాను బాగుచేశారు.

సెల్‌ఫోన్లొచ్చి వాచీ రిపేర్లు పడిపోయాక, ఏలూరులో ఆయన చేతికి సెక్స్‌టెంట్లు రావడం మొదలైంది. పూర్వం ఓడవాళ్ళు సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలిచి, తామెక్కడున్నారో తెలుసుకునే ఇత్తడి పరికరాలవి. ఇప్పుడు షోకేసుల్లో పెట్టుకుంటున్నారు. మా ఆయన స్క్రూ చుట్లు చూసి ఏ ముక్క అసలుదో, ఏది తర్వాత తగిలించిందో చెప్పేసేవారు. వాటి అద్దాలు సరిచేయాలంటే దూరాన సముద్రపు అంచుని చూడాలి. మనకి సముద్రం లేదుగా, డాబా ఎక్కి దూరాన ఉన్న సెల్ టవర్‌ని చూసేవారు.

పోయిన ముక్కని కొత్తగా చేస్తే మాత్రం దాని అడుగున చిన్న సిలువ గీసేవారు. కొత్తదాన్ని పాతదని నమ్మించడం అబద్ధసాక్ష్యమని ఆయన భయం.

రెండేళ్ళ క్రితం తాడేపల్లిగూడెం నుంచి గంగాధరరావు గారొచ్చారు. రైసుమిల్లు ఆసామి, పాత వస్తువులంటే పిచ్చి. కొత్తగా కొన్న సెక్స్‌టెంట్ బల్లమీద పెట్టి, భూతద్దం అందించారు.

"ఈ సిలువ చూశారాండీ? లండన్‌లో ఎవరో భక్తుడైన పనివాడి గుర్తట. ఇదుంటేనే అసలు సరుకని అమ్మినాయన చెప్పాడు."

మా ఆయన మొహం పాలిపోయింది. "అది నేను గీసిందండీ. ఆ స్క్రూ ఒక్కటే నేను చేసింది. మిగతాదంతా అసలుదే."

గంగాధరరావు గారు పడీపడీ నవ్వారు. "భలేవారండీ! ఏలూరులో ఇంత పని ఎవరు చేస్తారు?"

మా ఆయన మరో స్క్రూ తీసి, ఆయన కళ్ళముందే సిలువ గీసి చూపించారు.

"అబ్బ, అచ్చు దించేశారే! ఇంట్లో ఇంకోటుందండీ, దానికి గుర్తు లేదు. దానిక్కూడా ఒకటి..."

ఆయన వెళ్ళాక మా ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు. "నిజం చెప్పడానికి గీసిన గీతే అబద్ధం చెబుతోంది మెర్సీ," అన్నారు.

మర్నాటి నుంచి సిలువ మానేసి పేరు చెక్కడం మొదలుపెట్టారు: వరదానం, ఏలూరు. గిరాకీ పడిపోయింది. "పేరేస్తే వస్తువు పాడవుతుందండీ, ఆ సిలువే వేద్దురూ," అని బతిమాలినవాళ్ళున్నారు. వెయ్యలేదు.

మొన్న ఈస్టరు ముందు శ్రమదినాల్లో పోయారు. బల్లమీద చివరి ముక్క మీద 'వరదా' వరకే ఉంది.

పలకరించడానికి గంగాధరరావు గారొచ్చారు. కళ్ళు తుడుచుకున్నారు, అబద్ధం కాదు. లేవబోతూ మెల్లిగా అడిగారు: "ఏవండీ, ఆ లండన్ ఆయన చేసిన ముక్కలు ఇంకేవైనా మిగిలాయాండీ?"

సమాధి రాయి చెక్కే ఏడుకొండలు నిన్న వచ్చాడు. "సిలువొక్కటి చాలాండీ అమ్మగారూ?"

"చాలదు," అన్నాను. "పేరు పూర్తిగా చెక్కు. ఊరు కూడా."