పచ్చి కాఫీ గింజలకు కాపలా

తడిసిన గోనెసంచి వాసన వస్తే బిలాస్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టరు గుర్తొస్తుంది. వానాకాలంలో అమ్మ గోనెసంచిలో వచ్చిన పచ్చి కాఫీ గింజలను డబ్బాలో పోసి, మూత చుట్టూ తడిపిండి మెత్తేది.

“గాలి తగిల్తే రుచి ఎగిరిపోతాది. మీ నాన్న డ్యూటీ దిగొచ్చేసరికి గోనె వాసనే మిగుల్తాది.”

రుచికి రెక్కలుంటాయనుకుని, ఓ రోజు నాన్న వచ్చేదాకా మూత మీద కూర్చున్నాను. మధ్యలో ఒకసారి డబ్బా నన్ను మోసుకుని ఇంటికప్పుదాకా ఎగిరింది కూడా, నమ్మండి!

ఇంజను మసితో వచ్చిన నాన్నకు అమ్మ ఆ గింజలు వేయించి, దంచి కాఫీ ఇచ్చింది.

“ఏటే, ఈ వానల్లో కూడా ఇంత కమ్మగుంది?”

“మీ కూతుర్నడగండి. కాపలా కాసింది అదే!” అంది అమ్మ.

గాలిని ఆపింది అమ్మ మెత్తిన పిండి. మెప్పు మాత్రం నాకిచ్చింది. దాన్ని ఇన్నేళ్లూ గాలి తగలకుండా దాచుకున్నాను.